115వ వీధి మరియమ్మ తల్లి

ఎల్లుండి జూలై 16, కార్మెల్ మాత (మరియమ్మకి ఇంకో పేరు) పండగ, ఆ అమ్మ గుడి న్యూయార్క్‌లో 115వ వీధిలో ఉంది. పొద్దున కాఫీ తాగుతా మా ఆయన "ఈసారన్నా వెళ్దామా 115వ వీధికి" అన్నాడు. అంతే, ఇంక ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు, ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నానే గానీ మనసంతా ఆ వీధిలోనే ఉంది. ఎన్నేళ్ళ నుంచో రాద్దామనుకుంటున్నా, ఇవ్వాళ రాసేస్తున్నా.

నేను న్యూయార్క్ వెళ్ళింది 2011 జనవరిలో. ఆయన అంతకు ముందే వెళ్ళాడు, హాస్పిటల్లో రెసిడెన్సీ, వచ్చే జీతంలో సగానికి పైగా అద్దెకే పోయేది. అందుకని ఈస్ట్ హార్లెమ్‌లో, ఫస్ట్ అవెన్యూకీ ప్లెజెంట్ అవెన్యూకీ మధ్యన ఒక పాత ఎర్ర ఇటుకల బిల్డింగులో మూడో అంతస్తు తీసుకున్నాడు, లిఫ్ట్ లేదు. వెళ్ళిన వారంలోనే మంచు. ఆయన పొద్దున అయిదింటికి పోతే రాత్రి ఎప్పుడొస్తాడో తెలీదు, నాకా వర్క్ పర్మిట్ లేదు, మాట్లాడటానికి మనిషి లేదు, కిటికీ దగ్గర నిలబడి కింద పోయే జనాన్ని చూడటం, ఇండియాలో తెల్లారాక ఫోన్ చెయ్యడం, ఇంతే. అసలు అప్పటికి ఆ పేట సంగతి నాకేం తెలీదు. అంతా స్పానిష్ మాటలు, షాపుల మీద స్పానిష్ బోర్డులు. అక్కడక్కడ మాత్రం ఒక పాత బేకరీ, ఒక చావు సామాన్ల వాళ్ళ బోర్డు, ఇటాలియన్ పేర్లతో.

కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక ఇటలీ ఆవిడ ఉండేది, ఎనభై మూడేళ్ళు. మెట్ల మీద కూరగాయల సంచులు మోస్తుంటే పరిచయం. నా మెళ్ళో గుణదల మాత మెడల్ చూసి ఆగిపోయింది, ముట్టుకుని చూసి "కాథలిక్కా నువ్వు, ఇండియన్ కదా?" అని. అవునండీ అన్నాను. నన్ను నోన్నా అని పిలువు అంది, నోన్నా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా అదే మాట. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలన్నీ ఆవిడ వంటింట్లోనే.

ఇక్కడ ఒకటి చెప్పాలి, మా దృష్టిలో ఇటలీ వాళ్ళంటే ఎవరో. మాది కృష్ణా జిల్లా, మూడు తరాల కాథలిక్కులం. మా నాయనమ్మ చిన్నతనంలో గుడికి వచ్చే ఫాదర్లందరూ ఇటలీ వాళ్ళే. మిలాన్ నుంచి వచ్చిన మిషనరీ సభ వాళ్ళు, పీమే ఫాదర్లు అంటారు, 1850ల నుంచీ మన హైదరాబాదు వైపూ కృష్ణా వైపూ పనిచేశారు. ఆ రోజుల్లో బెజవాడ మేత్రాణులు (బిషప్) కూడా ఇటలీ ఆయనే. గుణదల కొండ దగ్గర అనాథాశ్రమం చూసుకున్న ఫాదర్ అర్లాటి గారు 1924లో ఆ గుహలో మరియమ్మ స్వరూపం (విగ్రహం) పెట్టారు, అదే ఇప్పుడు ఫిబ్రవరి 9, 10, 11 తారీకుల్లో లక్షల మంది వచ్చే గుణదల తిరునాళ్ళ. నాయనమ్మ వాళ్ళు ఎడ్లబండి కట్టుకుని దారిలో వండుకుంటా వెళ్ళేవాళ్ళంట. ఇటలీ ఫాదరంటే తెల్ల అంగీ, బారు గడ్డం, సైకిలు, వచ్చీరాని తెలుగు. ఆయన వస్తున్నాడంటే మునసబు కూడా అరుగు మీంచి లేచేవాడని నాయనమ్మ వందసార్లు చెప్పేది. కాబట్టి నా దృష్టిలో ఇటలీ వాళ్ళంటే అదీ. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, బళ్ళు ఆసుపత్రులు కట్టించినవాళ్ళు. ఇటలీలో బీదవాళ్ళుంటారనే ఆలోచనే నాకెప్పుడూ రాలేదు, నిజంగా.

నోన్నా మాటల్లో ఒకరోజు వాళ్ళ ముత్తాత పాత బట్టలు, పాతసామాన్లు ఏరుకుని బండి మీద తోసుకెళ్ళి అమ్మేవాడని చెప్తే నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నా.

తర్వాత ఆవిడ చెప్పిందీ, నేను లైబ్రరీలో కూర్చుని చదువుకుందీ కలిపి రాస్తున్నా. 1870ల్లో ఫస్ట్ అవెన్యూ మీద ట్రామ్ పట్టాలు వేస్తుంటే కూలీలు సమ్మె కట్టారు, వాళ్ళ బదులు పనికి దక్షిణ ఇటలీ నుంచి మనుషుల్ని తెచ్చారు. ఈస్ట్ నది ఒడ్డున 106వ వీధి దగ్గర రేకులూ చెక్కలూ కొట్టుకుని గుడిసెల్లో ఉన్నారు. సమ్మె పాడు చెయ్యడానికి వచ్చారని అప్పటికే అక్కడున్న ఐరిష్ వాళ్ళకి వీళ్ళంటే మంట. వీళ్ళలో చాలామంది సలెర్నో జిల్లాలో పొల్లా అనే ఊరి వాళ్ళు. ఆ ఊళ్ళో కార్మెల్ మాతే అమ్మ, జూలై 16 వస్తే ఊరంతా పండగ. మరి ఇక్కడేమో అమ్మ లేదు, పండగ లేదు, భాష తెలిసిన ఫాదర్ లేడు.

వీళ్ళేం చేశారంటే ముందు ఒక సంఘం పెట్టుకున్నారు అమ్మ పేరు మీద. ఎవరికన్నా జబ్బు చేస్తే, పని పోతే, చచ్చిపోతే తలా కొంత వేసుకునే సంఘం. మన చీటీల్లాగా, చావు ఖర్చులకి డబ్బులు కూడేసుకునే మన పేటల్లో సంఘాల్లాగా. 1881లో మొదటి పండగ చేసుకున్నారు, 110వ వీధిలో ఒక ఇంటి వెనక పెరట్లో. స్వరూపం కూడా లేదు, కాయితం మీద అచ్చేసిన చిన్న పటం, అంతే. ఆ పటం ముందు మోకరించి జపమాల చెప్పుకున్నారు, తర్వాత అందరూ ఆ పెరట్లోనే కూర్చుని భోజనాలు చేశారు. గుడీ లేదు, గంటా లేదు, విచారణా లేదు (మా వాళ్ళు పారిష్‌ని విచారణ అంటాం). ముందు పండగ వచ్చింది, గుడి తర్వాత వచ్చింది. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మా పేటలో కూడా అంతే, తాటాకు పందిరి కింద మరియమ్మ పటం పెట్టుకుని జపాలు చేసిన ఇరవై ఏళ్ళకి గానీ గోడలు లేవలేదు.

తర్వాత పొల్లా నుంచే అసలు స్వరూపం తెప్పించుకున్నారు, నిలువెత్తు అమ్మ, చంకలో బాలయేసు. 1884లో పల్లోట్టి సభ ఫాదర్ ఎమిలియానో కిర్నర్ గారు వచ్చి 115వ వీధిలో గుడి మొదలుపెట్టారు. డబ్బులెక్కడివి? పగలంతా పట్టాల మీద, సొరంగాల్లో పనిచేసొచ్చి సాయంత్రం మళ్ళీ పారలు పట్టుకుని పునాదులు తవ్వారంట. ఐసు అమ్మేవాళ్ళు, పాతసామాన్ల వాళ్ళు తమ గుర్రబ్బళ్ళు ఇచ్చారు ఇటుకలు మొయ్యడానికి. నోన్నా వాళ్ళ ముత్తాత బండి కూడా అందులో ఉందని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. ఆడవాళ్ళు అన్నాలు వండి తెచ్చేవాళ్ళంట. ఆ ఫాదర్ గారి కథ కూడా బాధగా ఉంటది, 1887లో గుడి పక్కన పిల్లలకి బడి కడుతుంటే ఆ బిల్డింగు కూలి పనివాళ్ళతో పాటు ఆయనా పోయాడు. మూడేళ్ళే ఉన్నాడు అక్కడ.

సరే గుడి అయ్యింది. ఇప్పుడు చెప్పేది నోన్నా నాకు చెప్పిన రోజు నాకింకా గుర్తు, మార్చి నెల, స్టవ్ మీద టొమాటో గుజ్జు ఉడుకుతా ఉంది, ఆవిడ చెక్క గరిటె తిప్పుతా తిప్పుతా "మా అమ్మ మొదటి సత్ప్రసాదం (కమ్యూనియన్) ఎక్కడ తీసుకుందో తెలుసా" అని గరిటెతో నేలకేసి చూపించింది. కింద, బేస్‌మెంట్‌లో.

తవ్వింది వీళ్ళు, మోసింది వీళ్ళు, పై గుడి మాత్రం ఐరిష్ వాళ్ళకీ జర్మన్ వాళ్ళకీ. ఇటలీ వాళ్ళు కింద నేలమాళిగలో పూజ వినాలి. ఆ ఒక్క గుళ్ళోనే కాదు, ఆ రోజుల్లో అమెరికాలో చాలా చోట్ల ఇదే ఏర్పాటు. అప్పట్లో పెద్ద పదవుల్లో ఉన్న ఫాదర్లు, మేత్రాణుల్లో ఎక్కువమంది ఐరిష్ వాళ్ళు, వాళ్ళకి ఈ ఇటలీ జనం ఒక తలనొప్పి. జ్ఞానోపదేశం (మత పాఠాలు) రాదు, చందాలు వెయ్యరు, పూజకి రారు గానీ పండగంటే బాజాలేసుకుని వీధులమ్మట తిరుగుతారు, మూఢనమ్మకాలు, మురికి. "ఇటాలియన్ సమస్య" అని పేరే పెట్టి దాని మీద పేజీలు పేజీలు రాసుకున్నారు. 1884 నుంచి 1919 దాకా, అంటే ముప్పై అయిదేళ్ళు, వీళ్ళు కిందే. 1919లో ఫాదర్ గాస్పారె దాలియా గారు విచారణ చూస్తున్నప్పుడు పైకి వచ్చారు. లెక్కేసుకుంటే గుణదలలో అర్లాటి గారు స్వరూపం పెట్టడానికి అయిదేళ్ళ ముందు. అక్కడ మునసబు లేచి నిలబడే దేశం వాళ్ళే ఇక్కడ నేలమాళిగలో.

నేనారోజు ఏం మాట్లాడలేకపోయాను. నాకు మా నాయనమ్మ కళ్ళ ముందుకొచ్చింది. ఊరి పేరు వద్దులెండి, ఆమె పెళ్ళయి వచ్చిన ఊళ్ళో గుళ్ళో మా వాళ్ళు ఎడమ పక్క, వెనకాల, కింద కూర్చోవాలి. ముందు బెంచీలు కమ్మోరివీ రెడ్లవీ. సత్ప్రసాదానికి కూడా వాళ్ళందరూ అయ్యాకే లేవాలి. అందరం ఒకే అమ్మ బిడ్డలమని ప్రసంగం చెప్తుంటే వెనక నేల మీద కూర్చుని వినేది మా నాయనమ్మ. ఆ గుడికి మా తాత కూడా రాళ్ళు మోశాడు.

నోన్నా నా మొహం చూసి స్టవ్ ఆపేసింది. ఎందుకు ఏడుస్తున్నావు అంది. చెప్పాను. కులం అంటే ఏంటో ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడానికి గంట పట్టింది, నా ఇంగ్లీషు అంతంత మాత్రం అప్పట్లో. అంతా విని లేచి లోపలికెళ్ళి ఒక ఫోటో తెచ్చింది, వాళ్ళ అమ్మమ్మది, నల్ల గౌను వేసుకుని కుర్చీలో కూర్చున్న ముసలావిడ. "చెవులు చూడు" అంది. దగ్గరగా పెట్టుకుని చూస్తే చెవితమ్మెలకి పెద్ద పెద్ద బెజ్జాలు, అందులో నల్లదారం ముక్కలు కట్టున్నాయి. బెజ్జం పూడిపోకుండా మన వాళ్ళు చీపురుపుల్ల పెట్టుకుంటారు చూశారా, అట్లా. సంగతేంటంటే, పోపుగారు 115వ వీధి అమ్మకి కిరీటం పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చారు, అది ఎక్కడబడితే అక్కడ ఇచ్చేది కాదు, చాలా పెద్ద మర్యాద. 1904 జూలై 10న కిరీటధారణ. కిరీటానికి బంగారం జనమే ఇచ్చారు, ఉంగరాలు, చెవిదిద్దులు, బ్రోచీలు, గొలుసులు, పెళ్ళికి పుట్టింటి వాళ్ళు పెట్టినవి, అన్నీ కరిగించారు. నోన్నా వాళ్ళ అమ్మమ్మ దిద్దులు అందులో ఉన్నాయి. మళ్ళీ కొనుక్కోలేదంట ఆవిడ, చచ్చిపోయేదాకా నల్లదారమే. 1904 అంటే గుర్తుపెట్టుకోండి, ఇంకా నేలమాళిగలో ఉన్న కాలం. బిడ్డలకి పైన చోటు లేదు గానీ అమ్మ నెత్తి మీద బంగారు కిరీటం పెట్టారు.

ఆ రాత్రే ఇండియాకి ఫోన్ చేశాను. నాన్న ఎత్తి నాయనమ్మకి ఇచ్చాడు. ఆమెకి అప్పటికి చెవులు సరిగ్గా వినపడవు, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"నాయనమ్మా, ఇక్కడ ఇటలీ వాళ్ళని గుళ్ళో కింద కూర్చోబెట్టారంటే!"

"ఎవుర్నీ, ఫాదర్లనా?" కంగారుగా.

"ఫాదర్లని కాదు, వాళ్ళ జనాన్ని. కూలోళ్ళని. ముప్పై అయిదేళ్ళు."

కాసేపు ఏం మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా. తర్వాత, "మరి ఆళ్ళ అమ్మేడుంది? స్వరూపం? పైనుంచారా కిందనా?"

నేనసలు ఆ ప్రశ్న నోన్నాని అడగనే లేదు. మర్నాడు పొద్దున్నే దిగి అడిగితే, కిందే, మాతోనే అంది, మేం లేకుండా మా అమ్మ పైకెట్లా పోతుంది అన్నట్టు చూసింది నాకేసి. మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. "ఊఁ" అంది నాయనమ్మ. "అన్నం తిన్నావా" అంది.

ఇంక పండగ సంగతి. 2011 జూలై 16 శనివారం. వారం ముందు నుంచే నోన్నా హడావిడి, తొమ్మిది రోజుల నవదిన జపాలు. బ్రాంక్స్ నుంచి, న్యూజెర్సీ నుంచి వాళ్ళ చుట్టాలు దిగారు, ఎందుకంటే 1950ల్లో పాత ఇళ్ళన్నీ పడగొట్టి గవర్నమెంట్ పెద్ద పెద్ద క్వార్టర్లు కట్టాక ఇటలీ వాళ్ళు చాలావరకు పేట ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఒకప్పుడు అమెరికాలోకెల్లా పెద్ద ఇటాలియన్ పేటల్లో ఒకటంట ఇది, ఇప్పుడు మిగిలింది నోన్నా లాంటి ముసలివాళ్ళు. కానీ ఈ ఒక్కరోజు అందరూ వస్తారు, మనోళ్ళు ఎక్కడున్నా సంక్రాంతికి ఊరెళ్ళినట్టు.

నేను లోపలికి వెళ్ళి ముందు అమ్మని చూశాను. ఎత్తున, బలిపీఠం పైన. దగ్గరగా వెళ్ళాక తెలిసింది, జుట్టు నిజం జుట్టే. బొమ్మ మీద చెక్కింది కాదు, మనిషి జుట్టు, వీపు మీద ఒత్తుగా పడి ఉంటుంది. పట్టుబట్ట గౌను, దాని మీద కుట్టిన పని, చేతిలో గోధుమరంగు ఉత్తరీయం (స్కాపులర్ అంటారు, భక్తులు మెళ్ళో వేసుకునేది). మన దగ్గర అమ్మవార్లకి చీర కట్టినట్టే అమ్మకి బట్టలు మారుస్తారు, అందులో ఆడవాళ్ళకి వాళ్ళ వంతులుంటాయి. నేనట్లా చూస్తా నిలబడిపోయాను, వెనకాల లైను ఆగిపోయింది, ఎవరూ ఏమీ అనలేదు.

బయట ఎండ మండిపోతా ఉంది. బాజాలు, పూలతో కట్టిన బండి మీద అమ్మ, వెనక జనం. అందులో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళున్నారు, ఆ కాలే తారురోడ్డు మీద. పాతకాలంలో ఇంకా ఉండేదంట, తమ బరువుకి సరిపడా బరువున్న కొవ్వొత్తులు మోసుకొచ్చేవాళ్ళు, కాలు బాగైతే మైనంతో చేసిన కాలు, చెయ్యి బాగైతే చెయ్యి, పసిబిడ్డ బతికితే మైనపు బిడ్డ, అవన్నీ వీధిలో బల్లల మీద అమ్మేవాళ్ళు, పక్కనే తొర్రోనే అని తేనే బాదంపప్పు వేసిన మిఠాయి. కొంతమంది గుమ్మం నుంచి బలిపీఠం దాకా నాలికతో నేల నాకుతా పాకేవాళ్ళంట, తర్వాత ఫాదర్లు మాన్పించారు. ఇవన్నీ చూసే కదా ఐరిష్ వాళ్ళు మూఢనమ్మకం అన్నది. గుణదల కొండ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళని, గుండు కొట్టించుకునేవాళ్ళని, కొబ్బరికాయ కొట్టేవాళ్ళని చూసి పెరిగిన నాకు అందులో కొత్తేం కనపడలేదు. కొడుకు బతకాలని మొక్కుకున్న తల్లికి ఏదో ఒకటి ఒంటితో చెయ్యాలనిపిస్తుంది, మాటలు చాలవు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఊరేగింపులో సగానికి పైగా నల్లవాళ్ళు. తెల్లబట్టలు, నీలం బట్టలు వేసుకున్న ఆడవాళ్ళు, చేతుల్లో జపమాలలు, ఫ్రెంచిలాగా వినిపించే భాషలో పాటలు. హైతీ వాళ్ళు. వాళ్ళ దేశంలో కూడా జూలై 16 చాలా పెద్ద పండగంట, సో-డో అని జలపాతం ఉన్న ఊరికి వేలమంది వెళ్తారు. అక్కడ నుంచి వలసొచ్చి న్యూయార్క్‌లో అమ్మ ఎక్కడుందా అని వెతుక్కుంటా ఈ గుడికి వచ్చారు. బ్రూక్లిన్ నుంచీ ఇంకా దూరం నుంచీ బస్సులేసుకుని వస్తారు. మరి మీవాళ్ళు ఊరుకున్నారా అని అడిగాను నోన్నాని, తర్వాత పేటలోకి వచ్చిన పోర్టోరికో వాళ్ళతో ఇటలీ వాళ్ళు ఎట్లా కొట్టుకున్నారో ఆవిడే నాకు ఒకసారి చెప్పింది మరి. ఆవిడ కాస్త ఆలోచించి, మొదట్లో మాలో కొందరు మొహం ముడుచుకున్నారు అంది. దాచలేదు. "కానీ వాళ్ళు పాడుతుంటే విను" అంది. విన్నాం ఇద్దరం, 116వ వీధి మలుపులో ఒక మెట్టు మీద కూర్చుని. ఒక హైతీ ఆవిడ వచ్చి నోన్నాకి విసనకర్రతో విసిరింది, వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

ఆ సాయంత్రం గుడి బయట బల్ల మీద ఉత్తరీయాలు రెండు కొన్నాను, రెండు చిన్న గోధుమరంగు ఉన్ని ముక్కలు దారంతో కలిపి కుట్టి ఉంటాయి, ఒకటి ముందుకి ఒకటి వీపు మీదకి పడేట్టు. ఒకటి నాకు, ఒకటి నాయనమ్మకి. ఇండియా వెళ్ళే వాళ్ళెవరో ఉంటే పంపాను. అందిందని నాన్న చెప్పాడు, దారం సన్నగా ఉందని నల్ల మొలతాడు ముక్క వేసి కట్టించుకుందంట. 2014లో ఆమె పోయినప్పుడు నేను వెళ్ళలేకపోయాను, వీసా స్టాంపింగ్ సమస్య. మెళ్ళో ఉత్తరీయం తియ్యకుండానే పెట్టెలో పెట్టామని నాన్న ఫోన్లో చెప్పాడు. పూజ ఏ గుళ్ళో చేశారు అని అడిగాను. మనూరి గుళ్ళోనే, పెట్టె బలిపీఠం ముందే పెట్టారు, మధ్యలో, అన్నాడు.

నోన్నా కూడా తర్వాత రెండేళ్ళకి పోయింది. మేం అప్పటికే న్యూజెర్సీలో ఎడిసన్ వచ్చేశాం. ఆ ఎర్ర బిల్డింగు ఎవరో కొని అంతా మార్చేశారని విన్నా, వెళ్ళి చూడలేదు, చూడాలని లేదు. ఇక్కడ మన తెలుగు కాథలిక్కులం నెలకోసారి ఒక గుడి హాలు తీసుకుని తెలుగులో పూజ పెట్టుకుంటాం, ఫాదర్ గారు దొరికితే. హాలు బేస్‌మెంట్‌లోనే ఉంటుంది. మడత కుర్చీలు మేమే వేసుకుని మేమే తీస్తాం. అద్దెకి తీసుకున్నది, అదీ ఇదీ ఒకటి కాదని తెలుసు, అయినా మెట్లు దిగేటప్పుడు ప్రతిసారీ నాకు నోన్నా గరిటె గుర్తొస్తుంది.

ఎల్లుండి వెళ్తున్నాం. పెందలాడే బయల్దేరి ట్రైన్‌లో సిటీకెళ్ళి 6 నంబర్ సబ్‌వే ఎక్కి 116వ వీధిలో దిగడం. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, ఇదంతా కథలా వినడమే గానీ చూడలేదు. చెప్పులు విప్పి నడుస్తానంటోంది. రోడ్డు కాలిపోతుందే, సాక్సులన్నా వేసుకో అన్నాను. వద్దంట.